గట్టు కింద ఒక సెమిస్టరు

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో నా మొదటి తరగతి సెప్టెంబరు మొదటి సోమవారం. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు ఊరంతా సైరన్ మోగింది. నేను పుస్తకం వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. గదిలో మరెవరూ తల ఎత్తలేదు. ప్రతి నెలా మొదటి సోమవారం దేశమంతటా సైరన్లు ఇలా మోగించి చూసుకుంటారని పక్కనున్న అమ్మాయి చెప్పింది. కోనసీమలో పుట్టినవాళ్లం, అలాంటి మోత వింటే ముందు నీళ్లే గుర్తొస్తాయి.

సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఒక సెమిస్టరు విదేశంలో చదివే అవకాశం వచ్చినప్పుడు నేను నెదర్లాండ్స్ కోరుకోవడానికి కారణం కూడా నీళ్లే. నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా కింద ఉన్న దేశం అది. పైగా మనకు కొత్తవాళ్లు కాదు. మచిలీపట్నంలో, పాలకొల్లులో వర్తకం చేసిన ఒలందావారు వీళ్లే. నరసాపురంలో వలంధర రేవుకు ఆ పేరు వీళ్లనుంచే వచ్చిందని మా వైపు చెప్పుకుంటారు.

గది వెతుక్కోవడం, మున్సిపాలిటీలో పేరు నమోదు, చేతి బ్రేకు లేని పాత సైకిలు కొనుక్కోవడం, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడటం - వెళ్లిన ప్రతి ఒక్కరూ చెప్పే సంగతులే. ఎదురుగాలి ఒక్కటి మాత్రం ఎవరు ఎంత చెప్పినా తక్కువే.

నన్ను నిలబెట్టేసిన దృశ్యం ఊరు దాటిన మొదటి ఆదివారమే కనిపించింది. గట్టు మీద సైకిలు తొక్కుతున్నాను. కుడివైపు నిండు కాలువ. ఎడమవైపు, ఆ నీటిమట్టానికి చాలా దిగువన, పచ్చిక మేస్తున్న ఆవులు. మా ఊళ్లోనూ పంట కాలువ పొలానికి ఎత్తునే ఉంటుంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గోదావరి నీళ్లు మా పొలాలకు పల్లానికి జారినట్టే వచ్చాయి. అయితే మాకు నీళ్లు రావడం కన్నా పోవడం కష్టం. మురుగు కాలువలు పూడుతాయి, సముద్రం పోటు మీదుంటే నీళ్లు వెనక్కి తంతాయి, కోతకొచ్చిన చేను మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు నీటి బాధ ఒకటి. ఇక్కడ మురుగు తనంతట తాను పోయే దారే లేదు. ఒకప్పుడు గాలిమరలతో, ఇప్పుడు మోటార్లతో రాత్రింబవళ్లు పైకి ఎత్తి పోస్తున్నారు. అలా తోడేకొద్దీ లోపలి పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల, కుంగుతుంది, కుంగేకొద్దీ ఇంకా తోడాలి. దీనికి ముగింపు లేదని మా ఆచార్యుడు మొదటి వారమే చెప్పాడు.

ఈ పని చూసే నీటి మండలికి విడిగా ఎన్నికలు జరుగుతాయి. డెల్ఫ్ట్ ప్రాంతపు మండలి 13వ శతాబ్దం నుంచి ఉంది. నీటి పనుల కోసం ప్రజలు దానికి వేరుగా పన్ను కడతారు. మా నీటి తీరువా లాంటిదే, కానీ వాళ్లు కట్టింది నీటి పనులకే పోతుంది. మా లంకల్లో ఏటిగట్టు బలహీనపడితే ఎవరిని అడగాలో ఊరివాళ్లకు తెలియదు. నాకు అసూయ కలిగింది, దాచుకోను.

అక్టోబరులో మా తరగతిని తూర్పు స్కెల్డ్ అనే సముద్రపు పాయకు అడ్డంగా కట్టిన అడ్డుకట్ట చూడటానికి తీసుకెళ్లారు. తొమ్మిది కిలోమీటర్ల పొడవు, 62 ఉక్కు తలుపులు. మొదట అక్కడ మూసిన ఆనకట్టే కట్టాలనుకున్నారు. ఆల్చిప్పలు పట్టేవాళ్లు, ప్రకృతి ప్రేమికులు ఒప్పుకోకపోవడంతో మామూలు రోజుల్లో తెరిచే ఉండి, తుఫానుకు మాత్రమే మూసే తలుపులు పెట్టారు. అది ప్రారంభమైనది 1986లో. అదే ఏడాది ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ తలుపుల మీద నిలబడి నేను ఆ వరద గురించే ఆలోచించాను.

నవంబరులో ఒక శనివారం ఒంటరిగా ఔవెర్‌కెర్క్ అనే ఊరికి వెళ్లాను. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం గట్లు తెంచుకుని వచ్చినప్పుడు ఈ దేశంలో 1,836 మంది చనిపోయారు. చివరి గండిని పెద్ద కాంక్రీటు పెట్టెలు దించి పూడ్చారు. ఆ పెట్టెల్లోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. లోపల చలి, తడి సిమెంటు వాసన. గండి పూడిన తేదీ చదివి ఆగిపోయాను. నవంబరు 6. కోనసీమలో ఈ తేదీ తెలియని ఇల్లు లేదు. 1996లో అదే తేదీ రాత్రి తుఫాను మా తీరాన్ని ఊడ్చేసింది.

తర్వాతి గదిలో చనిపోయిన వాళ్లందరి పేర్లూ ఉన్నాయి. ఆ గది శీర్షిక '1835+1'. ఆ ఒక్కరూ వరద రాత్రే పుట్టి, పేరు నమోదు కాకుండానే పోయిన పసికందు. లెక్కలో కలిపేసి ఊరుకోకుండా, ఆ బిడ్డను విడిగా నిలబెట్టి చూపించారు. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

బయటికొచ్చి గట్టు మీదనుంచే మామ్మకు ఫోను చేశాను. అక్కడ రాత్రయింది, నిద్రకు సిద్ధమవుతోంది. తొంభై ఆరు తుఫానులో మనవాళ్లు ఎవరెవరు పోయారు, పేర్లు చెప్పమని అడిగాను.

"ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ?" అంది. తర్వాత తనే మొదలుపెట్టింది. వరసలతో చెబుతుంటే నేను పేర్లు అడిగాను. పడవ మీద వెళ్లిన ఇద్దరు. గోడ కూలి ఒకరు. ఆరో పేరు దగ్గర ఆగింది. మా చిన్నతాతయ్య మనవరాలు, పుట్టి తొమ్మిది రోజులు. "ఇంకో రెండు రోజుల్లో బారసాల. పేరు పెట్టనేలేదు."

"ఏం పెడదామనుకున్నారు మామ్మా?"

ఫోనులో కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. గాలికి నా కళ్లు మండుతున్నాయి. తర్వాత మామ్మ ఆ పేరు చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ తనను అడగలేదంది. ఇంకోసారి చెప్పమని, బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను.