ట్రినిడాడ్ నుంచి గ్రెనడాకి, ఒక రాత్రంతా

కరేబియన్‌లో ట్రినిడాడ్ దీవిలోని చాగువరామస్ నుంచి గ్రెనడా దీవిలోని ప్రిక్లీ బే దాకా దాదాపు 80 నాటికల్ మైళ్ళు, అంటే 148 కిలోమీటర్లు. కారులో అయితే రెండు మూడు గంటల పని, మా తెరచాప పడవకి మాత్రం గంటకి 5 మైళ్ళు వస్తే గొప్ప కాబట్టి 16 గంటలు. పొద్దున బయల్దేరితే అర్ధరాత్రి చేరతాం, తెలియని తీరానికి చీకట్లో వెళ్ళి రాళ్ళ మధ్య లంగరు వేసే ఆలోచన నాకు ససేమిరా నచ్చదు, అందుకే సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడిపి వెలుతుర్లో చేరాలనుకున్నాం.

ఇమిగ్రేషన్, కస్టమ్స్‌లో క్లియరెన్స్ కాగితాలు తీసుకుని నాలుగింటికి లంగరు ఎత్తాం. బోకా డి మోనోస్ అనే ఇరుకు సందు దాటగానే అలలు ఒక్కసారిగా పెద్దవైపోయాయి. బాబుకి ఏడేళ్ళు, వాడు వాంతి చేసుకుని పడుకుండిపోయాడు. పాపకి పదకొండు, అదేమో బయటే కూర్చుని దూరంగా ఆకాశం అంచునే చూస్తూ ఉంది, అలా చూస్తే కడుపు కొంచెం కుదురుకుంటుంది.

ఇక్కడ గాలి తూర్పు నుంచి వీస్తుంది, సముద్రపు ప్రవాహమేమో పడమరకి లాగేస్తూ ఉంటుంది. ఏరు దాటేటప్పుడు ఎదురు ఒడ్డుకి గురిపెడితే దిగువన ఎక్కడో తేలతాం కదా, ఇదీ అంతే. అందుకని మొదటి నుంచీ పడవ ముక్కు గ్రెనడా కంటే బాగా తూర్పుకి పెట్టాం, తర్వాత చూసుకుందాంలే అనుకుంటే గాలికి ఎదురెళ్ళాలి, అది నరకం. చీకటి పడకముందే పెద్ద తెరచాపని సగానికి తగ్గించేశాం, గాలి అంత లేకపోయినా సరే. అర్ధరాత్రి గాలి పెరిగాక ఆ పని చెయ్యాలంటే ఎవరో ఒకరు డెక్ మీద ముందుకి వెళ్ళాలి, పిల్లలున్న పడవలో అది అనవసరమైన ప్రమాదం అని నా గట్టి అభిప్రాయం. చీకటి పడ్డాక బయట ఉన్నవాళ్ళు ఎవరైనా హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) వేసుకుని పడవకి తాడుతో కట్టుకోవాల్సిందే, మా ఆయన కూడా.

మూడు గంటలు ఆయన, మూడు గంటలు నేను, వంతులేసుకుని కాపలా. తొమ్మిదింటికి ఆయన్ని లోపలికి పంపించి కూర్చున్నాను. అలల భయం కాదండీ నాకు, ముగ్గురూ నన్ను నమ్ముకుని నిద్రపోతున్నారు అనేదే గుండెల మీద బరువు. పది నిమిషాలకోసారి లేచి నాలుగు వైపులా చూడాలి. కూర్చున్న ఎత్తు నుంచి మనకి కనిపించేది మూడు మైళ్ళే, ఓడల దీపాలు ఇంకా దూరం నుంచే కనిపిస్తాయి గానీ చినుకులు పడుతుంటే ఆ నమ్మకం లేదు, 15 నాట్ల వేగంతో, అంటే గంటకి 15 నాటికల్ మైళ్ళతో వచ్చే ఓడ ఆ మూడు మైళ్ళు 12 నిమిషాల్లో వచ్చేస్తుంది.

పది దాటాక సముద్రం అడుగు నుంచి గ్యాస్ తీసే హైబిస్కస్ ప్లాట్‌ఫామ్ కనిపించింది, సముద్రం మధ్యలో ఊరు వెలిగినట్టు. దాని వెలుగు వైపు చూస్తే కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, అయినా చూడకుండా ఉండలేం. సరిగ్గా అప్పుడే ఆ వెలుగు వెనక నుంచి ఒక ఓడ బయటికొచ్చింది. ఎర్ర దీపం ఒక్కటే కనిపిస్తే దాని ఎడమ పక్క మనకేసి ఉన్నట్టు, ఆకుపచ్చ ఒక్కటే అయితే కుడి పక్క. నాకు రెండూ కనిపిస్తున్నాయి, పైన రెండు తెల్ల దీపాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉన్నాయి, అంటే నేరుగా మా మీదికే. ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల పేరు, దారి చూపించే పరికరం) స్క్రీన్ మీద దాని పేరు చూసి వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఓడలన్నీ వినే 16వ ఛానల్‌లో పిలిచాను, గొంతు వణికింది. రెండోసారికి పలికారు, మిమ్మల్ని చూశాం, కుడికి తిప్పుతున్నాం అన్నారు. ఆకుపచ్చ దీపం మెల్లగా మాయమై ఎరుపొక్కటే మిగిలేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఆయన్ని లేపాలా వద్దా అని అంతసేపూ కొట్టుకున్నాను, లేపలేదు, కానీ ఇంకొక్క నిమిషం వాళ్ళు పలక్కపోయి ఉంటే లేపేదాన్ని. మీరెవరైనా ఇలా వెళ్తే అనుమానం వచ్చిన క్షణమే లేపండి, అవతలి మనిషి ఏమీ అనుకోరు.

మూడింటికి నా రెండో వంతులో బాబు లేచి నా పక్కకొచ్చాడు. హార్నెస్ కట్టి కూర్చోబెట్టుకున్నా. పడవ వెనక నీళ్ళు నీలంగా మెరుస్తుంటే అమ్మా నీళ్ళల్లో లైట్లేంటి అన్నాడు, కంటికి కనపడనంత చిన్న జీవులు నాన్నా, కదిలిస్తే వెలుగుతాయి అని చెప్పా. తర్వాత ధ్రువ నక్షత్రం చూపించా. అది ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే దాదాపు అదే మన అక్షాంశం. చెయ్యి చాపి పిడికిలి పెడితే పది డిగ్రీలు, మేము అప్పటికి పదకొండు పైన ఉన్నాం, వాడు కన్ను మూసి కొలిచి, పిడికిలి మీద కొంచెం ఉందమ్మా అన్నాడు. జీపీఎస్‌లో ఎన్నోసార్లు చూసిన అంకె అది. వాడి పిడికిలి మీద చూస్తే ఎందుకో కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

తెల్లారేసరికి ముందు గ్రెనడా కొండలు, డెక్ మీద రెండు ఎగిరే చేపలు. ఎనిమిదిన్నరకి లంగరు వేశాం. పాప పసుపు జెండా ఎగరేసింది, మేము కొత్తగా వచ్చాం, ఇంకా అనుమతి కాలేదు అని దానర్థం. ఆయన ఒక్కరే కాగితాలు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళారు, మేము ముగ్గురం పడవలోనే. ఆయన తిరిగొచ్చి చెయ్యి ఊపగానే పసుపుది దింపి జాజికాయ బొమ్మున్న గ్రెనడా జెండా ఎక్కించారు పిల్లలు. తాడు లాగింది బాబే, అక్క ముడి వేసింది. నేను అప్పటికే నిద్రలోకి జారిపోయానట, పూర్తిగా పైకి వెళ్ళడం చూడలేదు.