బస్సులోంచి రోజూ కనిపించే రెండు ఆసుపత్రులు

మాది మూసాపేట. అమీర్‌పేటలో ఒక చీరల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. పొద్దున పదింటికి కౌంటర్ ముందు నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి బయల్దేరడం. మా బస్సు ఎర్రగడ్డ మీదుగా పోతుంది. అక్కడ ఛాతీ ఆసుపత్రి ఉంది, కాస్త ముందుకు పోతే ఈఎస్ఐ (జీతంలోంచి వాటా కట్టే ఉద్యోగుల బీమా) ఆసుపత్రి. ఐదేళ్ళు రోజుకు రెండుసార్లు వాటి ముందు నుంచే వెళ్ళాను. ఒకటి టీబీ వాళ్ళది, మనకెందుకులే అనుకున్నాను. రెండోది కార్డు ఉన్నవాళ్ళది, నాకు కార్డు లేదు. 2023లో జబ్బు పడ్డప్పుడు ఈ రెండూ వదిలేసి మేము ఎక్కడెక్కడ తిరిగామో, ఎంత పోగొట్టుకున్నామో రాయాలని చాలా రోజులుగా ఉంది.

జూలైలో వానలు మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. ఇంట్లో అందరికీ వచ్చింది, వాళ్ళకు తగ్గింది, నాకు తగ్గలేదు. సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది కాబట్టి బస్తీలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని షాపుకు వెళ్ళేదాన్ని. అలా రెండు వారాల్లో 1,200 అయ్యాయి. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటలు పట్టి జాకెట్ తడిసిపోయేది. రోజంతా నిలబడే పని కదా, ఆ నీరసమే అనుకున్నాను. తర్వాత ఒక క్లినిక్‌కు వెళ్ళాం. ఫీజు, ఎక్స్‌రే, రక్త పరీక్షలు, మందులు అన్నీ కలిపి 4,300. మందులు వాడినన్నాళ్ళు కొంచెం నయంగా ఉండేది, అయిపోగానే మళ్ళీ అదే దగ్గు.

ఆగస్టు చివర్లో ఒక రాత్రి దగ్గితే రక్తం పడింది. మా ఆయన అద్దె ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంటే కౌంటర్లో అడిగిన మొదటి మాట "ఇన్సూరెన్స్ ఉందా?" లేదన్నాం. "అయితే 40 వేలు అడ్వాన్స్ కట్టండి" అన్నారు. ఆరోగ్యశ్రీ అడిగితే రేషన్ కార్డు తెమ్మన్నారు. పెళ్ళయ్యాక మా అమ్మవాళ్ళ కార్డులోంచి నా పేరు తీయించాం, కొత్త కార్డుకు 2018లో పెట్టిన దరఖాస్తు అలాగే ఉండిపోయింది. (ఆ కార్డు 2025లో చేతికొచ్చింది.)

ఆ రాత్రి మా ఆయన నన్ను అక్కడ కూర్చోబెట్టి డబ్బు కోసం బయటికి వెళ్ళాడు. అప్పటిదాకా రెండు బాటిల్స్ సెలైన్ ఎక్కించారు. జబ్బు మొదలైనప్పుడు చీటీలో దాచుకున్నవీ చేతిలో ఉన్నవీ కలిపి 8,500. తెల్లారగానే నా మెళ్ళో పుస్తెలతాడు తీసి కుదువ పెడితే 38 వేలు వచ్చాయి, పసుపుతాడు కట్టుకుని మంచమెక్కాను. ఇంకో 30 వేలు ఆయనకు తెలిసినాయన దగ్గర, నూటికి మూడు రూపాయల వడ్డీకి. మొత్తం 76,500. అందులో ఆర్‌ఎంపీ, క్లినిక్ ఖర్చు పోను మిగిలిన 71 వేలూ మూడు రోజుల్లో ఆ ఆసుపత్రికే సరిపోయాయి. సీటీ స్కాన్ తీశారు, నిమోనియా అన్నారు, ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించారు. నాలుగో రోజుకు ఇంకో 25 వేలు కట్టమంటే మా వల్ల కాలేదు. మా ఇష్టంతోనే తీసుకుపోతున్నామని రాయించుకుని సంతకం పెట్టించుకుని పంపారు. మూడు రోజుల్లో తెమడ పరీక్ష ఒక్కటి మాత్రం ఎవరూ చేయలేదు. అంత డబ్బు పోసిన చోట ఆ ఒక్క పరీక్ష ఎందుకు చేయలేదన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు, తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇంట్లో పడుకుని ఉంటే దోమల సర్వేకు వచ్చిన ఆశా అక్క గుమ్మంలోంచే నా దగ్గు వింది. "ఎన్ని రోజుల సంది దగ్గుతున్నవ్ చెల్లె?" అంది. రెండు నెలలు అన్నాను. "రెండు వారాలు దాటితేనే తెమడ పరీక్ష చేయించాలె, పైసలేం కట్టనక్కర్లేదు, రేపే రా" అని మర్నాడు పొద్దున తనే వెంటబెట్టుకుని ఎర్రగడ్డకు తీసుకెళ్ళింది. ఏ గేటును బస్సులోంచి చూసి ముఖం తిప్పుకునేదాన్నో ఆ గేటులోంచే లోపలికి నడిచాను. డబ్బాలో తెమడ ఇచ్చాను, మెషీన్ పరీక్ష, ఎక్స్‌రే చేశారు. టీబీ. కట్టింది ఏమీ లేదు. అక్కడి డాక్టరమ్మ నా పాత చీటీలన్నీ చూసి, నిమోనియాకు వాడే కొన్ని మందులకు టీబీ కూడా కొంత తగ్గినట్టు కనిపిస్తుందని, అందుకే అసలు జబ్బు బయటపడడం ఆలస్యమవుతుందని చెప్పింది. మందు మధ్యలో మానకుండా వాడితే ఆరు నెలల్లో పూర్తిగా తగ్గుతుంది అంది. నేను అక్కడే ఏడ్చేశాను. భయంతో కాదు, పోయిన పుస్తెలతాడు గుర్తొచ్చి.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర. నా బరువు 41 కిలోలు కాబట్టి రోజుకు మూడు. తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. మొదటి రోజు ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది, రక్తమనుకుని హడలిపోయాను. ఆశా అక్కకు ఫోన్ చేస్తే ఆ మాత్రల రంగే అంది. పొద్దున్నే మాత్రలు వేసుకుంటే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. అత్తమ్మ నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. నేనేమీ అనలేదు గానీ ఆశా అక్క వచ్చి, కంచాలతో అంటదమ్మా, దగ్గినప్పుడు గాలితో అంటుతుంది, మందులు మొదలుపెడితే కొన్ని వారాల్లో ఆ భయం కూడా చాలావరకు పోతుంది అని గట్టిగానే చెప్పింది. ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు. నాలుగేళ్ళ మా పాపకు జబ్బు లేదు, అయినా ముందుజాగ్రత్తగా ఆరు నెలలు మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలు తేనెలో నూరి పెట్టేటప్పుడు నా చేతులు వణికేవి.

షాపు సంగతి చెప్పాలి. ఫోన్ చేస్తే మా సార్ "రెస్ట్ తీసుకో అమ్మా, తగ్గాకే రా" అన్నాడు. రెండు నెలలు వెళ్ళలేదు, రెండు నెలలూ జీతం రాలేదు. 13 వేల చొప్పున 26 వేలు. అంటే ఈ జబ్బు మాకు లక్షా రెండున్నర వేలు ఖర్చు పెట్టించింది, అందులో టీబీ మందులకు అయింది సున్నా. కేంద్రం నుంచి పౌష్టికాహారానికి అప్పట్లో నెలకు 500 చొప్పున వచ్చేవి, 2024 నవంబరు నుంచి అది వెయ్యి చేశారు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కున్నాను, అబద్ధం ఎందుకు, కొన్ని నెలలు వడ్డీకి కూడా పోయాయి.

మందులు వాడే రోజుల్లోనే ఆసుపత్రి లైనులో ఒక కంపెనీలో పనిచేసే ఆమె పరిచయమైంది. ఆమెకూ టీబీయే. ఆమెకు ఈఎస్ఐ ఉంది, ఇంట్లో ఉన్నా జీతంలో చాలావరకు వస్తుంది. అప్పుడు అడిగి తెలుసుకున్నాను. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే షాపుకు ఈఎస్ఐ ఉండాలి, జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళందరూ అందులోకి వస్తారు. ఉద్యోగి వాటా నూటికి ముప్పావు రూపాయి, యజమానిది మూడుంపావు. నా 13 వేల మీద లెక్కేస్తే నా వాటా నెలకు 97 రూపాయల 50 పైసలు, సార్ వాటా 422 రూపాయల 50 పైసలు. రెండేళ్ళు అలా కట్టి ఉంటే టీబీ లాంటి పెద్ద జబ్బులకు జీతంలో 80 శాతం చాలా కాలం ఇస్తారు. మా షాపులో మేము 14 మందిమి. రిజిస్టర్‌లో ఉండేది ఎనిమిది పేర్లు. నా పేరు ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆ 422 రూపాయలు మిగుల్చుకోవడానికి రాసిన ఎనిమిది అంకె వల్లే నేను పుస్తెలతాడు తీయాల్సి వచ్చింది. ఇది కోపంతో రాస్తున్నాను, ఉన్నదే రాస్తున్నాను.

2024 మార్చిలో మందులు అయిపోయాయి. చివరి పరీక్షలో నెగటివ్ వచ్చింది, బరువు 47కు పెరిగింది. అంతకుముందు నవంబరు నుంచే షాపుకు వెళ్తున్నాను, ఇల్లు గడవాలి కదా. మొదట్లో పై అరలోంచి చీరల కట్టలు దించితే ఆయాసం వచ్చేది, మా షాపు పిల్లలే నా బదులు నిచ్చెన ఎక్కేవాళ్ళు.

మొన్న దీపావళి ముందు కొత్తగా చేరిన పిల్ల ఒకతె పది రోజులుగా దగ్గుతుంటే వెంటనే తీసుకెళ్ళాను, మా బస్తీ దవాఖానాకు, షాపు తెరవకముందే. ఆమెకు టీబీ లేదు, మామూలు దగ్గే. తిరిగొస్తూ మా షాపులో ఎంతమంది పనిచేస్తున్నామో మళ్ళీ లెక్కపెట్టాం. ఇప్పుడు 16 మందిమి. రిజిస్టర్ చూపించమని అందరం కలిసి అడుగుదామని అంటున్నారు, కొందరు పని పోతుందని భయపడుతున్నారు. ఆ భయం నాకూ ఉంది. వడ్డీవాడికి ఇంకా 12 వేలు బాకీ ఉంది, పుస్తెలతాడు ఇంకా అక్కడే ఉంది.