చలి ముదరకముందే పెల్లెట్ స్టవ్ పని చూసేయండి

న్యూ హాంప్‌షైర్‌లో అక్టోబర్ అంటే బోస్టన్ వైపు నుంచి మనవాళ్ళంతా ఆకుల రంగులు చూడ్డానికి కార్లేసుకుని వచ్చే టైము, ఇక్కడ కాపురముండే వాళ్ళకి మాత్రం అప్పటికి ఇల్లు వెచ్చబెట్టే పెల్లెట్ స్టవ్ క్లీనింగ్ అయిపోయుండాలి. నిజానికి ఏప్రిల్లో ఆపేసినప్పుడే చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే బూడిద వేసవంతా తేమ పీల్చుకుని లోపలి ఇనుముని తినేస్తుంది, కానీ ఎండ వచ్చాక స్టవ్ ఎవరికి గుర్తుంటుంది చెప్పండి.

పెల్లెట్లంటే రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన సన్న ముక్కలు, 40 పౌండ్ల బస్తాల్లో వస్తాయి, 50 బస్తాలు ఒక అమెరికన్ టన్ను. ప్రీమియం రకంలో కూడా 1 శాతం దాకా బూడిద ఉండొచ్చు, అంటే టన్నుకి 20 పౌండ్లు. చాలామంది బూడిద పడే ట్రే (యాష్ పాన్) దులిపి, అద్దం తుడిచి అయిపోయిందనుకుంటారు. అసలు గొడవంతా కనపడని చోట ఉంటుంది, విబూది లాంటి మెత్తటి బూడిద వెనక పలకల చాటున, అక్కణ్ణుంచి పొగని బయటికి నెట్టే ఫ్యాను, అంటే ఎగ్జాస్ట్ బ్లోయర్ దాకా పేరుకుపోతుంది. గాలి ఆడదు, మంట బద్ధకంగా ఎర్రగా ఊగుతూ అద్దం నల్లబడుతుంది. అప్పుడు పెల్లెట్ల కంపెనీని తిట్టుకుంటాం!

ముందు ప్లగ్ పీకేయండి. పెల్లెట్లు మండే బర్న్ పాట్‌లో గట్టిపడ్డ చిట్టెం గీకి, చిల్లులన్నీ పొడిచి తెరవండి. తర్వాత ఆ పలకలు తీసి, బ్లోయర్ విప్పి రెక్కల్ని మెత్తటి బ్రష్‌తో దులపండి, దాని అంచున ఉండే సీలు పట్టీ (గాస్కెట్) చిరిగితే కొత్తది వేయాల్సిందే. ఇంట్లో వాడే వాక్యూమ్ మాత్రం వద్దు, సన్న బూడిద ఫిల్టర్ దాటి ఇల్లంతా పరుచుకుంటుంది, స్టవ్ ఈమధ్యే వెలిగించి ఉంటే బూడిద కింద నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు, అది లోపలికెళ్తే వాక్యూమే అంటుకుంటుంది. బూడిదకి పెట్టే వాక్యూమ్ వేరే దొరుకుతుంది. ఎత్తిన బూడిద మూతున్న ఇనప బకెట్లో, చెక్క డెక్ మీద కాకుండా దూరంగా పెట్టండి.

బయట పొగ పైపు కింద మూత తీసి బ్రష్ దూర్చండి. కొందరు లీఫ్ బ్లోయర్‌తో బయట నుంచి ఆ బూడిద లాగుతారు, బాగానే పనిచేస్తుంది గానీ పక్కింటి కారు తెల్లబడకుండా చూసుకోండి. గాలి వచ్చే పైపు జాలీ కూడా చూడండి, ఎలకలకి అదంటే మహా ఇష్టం.

తలుపు సందులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా జారిందా, తలుపు చుట్టూ ఉండే సీలు తాడు (రోప్) అరిగిపోయినట్టే. పెల్లెట్లు పోసే డబ్బాలో (హాపర్లో) మిగిలిన పాత పెల్లెట్లు తేమకి ఉబ్బి, పెల్లెట్లని మంటలోకి తోసే మర అయిన ఆగర్‌లో ఇరుక్కుంటాయి కాబట్టి వాటిని తీసేసి అడుగున పొట్టు కూడా ఊడ్చేయండి.

మా అమ్మ వచ్చినప్పుడు "ఇదేం పొయ్యిరా, కరెంటు పోతే ఆరిపోయేది" అంది. నిజమే, మంచు తుఫానుకి కరెంటు పోతే ఫ్యాన్ ఆగి పొగ ఇంట్లోకి తన్నొచ్చు, అందుకని కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా ఇప్పుడే మార్చండి. అన్నీ బిగించాక ఓ గంట వెలిగించి చూడండి, మంట చురుగ్గా పసుపుపచ్చగా లేకపోయినా పొగ వాసనొచ్చినా వెంటనే టెక్నీషియన్‌కి ఫోన్ కొట్టండి, నవంబర్ దాటితే వాళ్ళు దొరకరు.