మడమ నొప్పికి షాక్‌వేవ్ చేయించుకున్నాను

మడమ నొప్పి ఉన్నవాళ్లకి పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగు గురించి నేను చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నాది ఏడాది దాటిన నొప్పి. మెత్తటి చెప్పులు, సిలికాన్ ప్యాడ్లు, మాత్రలు, పిక్కలు సాగదీసే వ్యాయామాలు అన్నీ అయ్యాయి. ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేయించుకున్నాను. కొన్ని వారాలు హాయిగా తిరిగాను, ఆ తర్వాత నొప్పి ఎక్కడికీ పోలేదని తెలిసింది. ఇంకోటి వేయమంటే డాక్టర్ గారు ఒప్పుకోలేదు. పదేపదే వేస్తే అరికాలి కింద ఉండే ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ తెగే ప్రమాదం ఉందని, మడమ కింద దిండులా ఉండే కొవ్వు కూడా పలచబడొచ్చని అన్నారు. నొప్పి ఉన్న చోటికి చర్మం పైనుంచే అదురు పంపే షాక్‌వేవ్ వైద్యం మాట అప్పుడే ఎత్తారు.

ఎక్స్‌రేలో మడమ ఎముకకి చిన్న ముల్లులాంటిది పెరిగి కనిపించింది. నా బెంగంతా దాని మీదే. కిడ్నీలో రాళ్లు పగలగొట్టే మెషీన్ నుంచే ఈ షాక్‌వేవ్ పుట్టిందని చదివి ఉన్నాను. ఆ రాళ్ల వైద్యం 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి చేశారు. రాయినే పొడి చేసేది ఈ ముల్లుని చేయదా అని అడిగాను. డాక్టర్ గారు నవ్వి, నొప్పే లేనివాళ్ల ఎక్స్‌రేలో కూడా ముల్లు కనిపిస్తుందని, దాని జోలికి తాము వెళ్లబోమని చెప్పారు. అసలు గొడవ మడమ ఎముక నుంచి వేళ్ల దాకా సాగే ఆ ఫేషియాదే. అల్ట్రాసౌండ్‌లో అది 4 మిల్లీమీటర్లు దాటితే మందమైనట్టు లెక్క, నాది దాటింది. ఇన్నాళ్లు ముదిరిన నొప్పిలో వాపు కంటే, ఆ కణజాలం దెబ్బతిని సరిగ్గా మానకుండా ఉండిపోవడమే ఎక్కువట. ఆగిపోయిన ఆ మానడాన్ని మళ్లీ కదిలించడానికే షాక్‌వేవ్. ఇంట్లోవాళ్లు అనుకున్నట్టు ఇందులో ఒంట్లోకి కరెంటేమీ పోదు.

ముందు కొన్ని ప్రశ్నలు అడిగారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, ఆ చోట ఇన్‌ఫెక్షన్ గానీ గడ్డ గానీ ఉందా అని. గర్భిణులకి చేయరు. వాపు తగ్గించే నొప్పి మాత్రలు ఆపేయమన్నారు, మరీ ఇబ్బందైతే పారాసిటమాల్ వేసుకోమన్నారు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వరా అంటే ఇవ్వబోమన్నారు. చోటు మొద్దుబారితే ఫలితం తగ్గుతుందట. పైగా ఎక్కడ తగలాలో చెప్పాల్సింది పేషెంటే. ఇది విన్నాక టెన్షన్ పెరిగిన మాట నిజం.

బల్ల మీద బోర్లా పడుకుంటే పాదం అంచు దాటి బయట ఉంటుంది. ఫిజియోథెరపిస్ట్ బొటనవేలితో మడమంతా నొక్కుతూ వచ్చి, లోపలి వైపు ముందు అంచు దగ్గర ఆగారు. నా కాలు దానంతటదే వెనక్కి లాగేసుకుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టి, జెల్ రాసి, తుపాకీ పిడిలాంటి పరికరం ఆనించారు. నాకు చేసింది రేడియల్ రకం. గొట్టంలో గాలి ఒత్తిడితో చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి కొనని కొడుతుంది, ఆ అదురు చర్మం గుండా లోపలికి పోతుంది. ఫోకస్డ్ అని ఇంకో రకం ఉంది, అందులో శక్తంతా లోతున ఒక చోట చేరుతుంది.

సెకనుకి 10 దెబ్బల చొప్పున 2000 దెబ్బలు, అంటే మూడు నిమిషాల పైచిలుకు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ మొదటి నిమిషం పళ్లు బిగబట్టాల్సిందే. తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి మెల్లగా పెంచారు.

"ఇక్కడేనా అండీ?"

"ఇంకొంచెం లోపలికి... ఆ, అదే!"

"పదికి ఎంత?"

"ఏడు."

"ఆగగలరా, తగ్గించమంటారా?"

ఇలా మాట్లాడుతూనే ఉండాలి. ఓర్చుకుంటున్నామని మౌనంగా పడుకుంటే పరికరం నొప్పి లేని చోట తిరుగుతుంది, దెబ్బలన్నీ వృథా. రెండో నిమిషానికి మడమ కాస్త మొద్దుబారింది, చివర్లో కబుర్లు కూడా చెప్పుకున్నాం. లేచి నడుచుకుంటూనే బయటికొచ్చాను. ఆ సాయంత్రం చర్మం ఎర్రగా ఉంది, మర్నాడు లోపల సలుపు. రెండ్రోజులు పరుగులు, గెంతడాలు వద్దన్నారు. వారానికోసారి ఇదే తంతు.

అసలు కష్టం సెషన్లు అయ్యాక మొదలైంది. ఆఖరిది అయిన మర్నాడు కూడా మొదటి అడుగు మునుపటిలాగే గుచ్చింది. డబ్బు తగలేశానని ఇంట్లో విసుక్కున్నాను. డాక్టర్ గారు మాత్రం 12 వారాలు దాటే వరకు లెక్క తేల్చొద్దన్నారు.

ఈలోగా చేయమని ఫిజియో ఒక వ్యాయామం ఇచ్చారు. మెట్టు అంచున నిలబడి, చుట్టిన టవల్ వేళ్ల కింద పెట్టి, ఒంటికాలి మీద మడమ పైకెత్తాలి. పైకి 3 సెకన్లు, పైన 2 సెకన్లు, కిందికి 3 సెకన్లు, రోజు విడిచి రోజు. టవల్ ఎందుకంటే, వేళ్లు పైకి వంగితేనే ఫేషియా బిగుస్తుంది. చూడ్డానికి సులువే గానీ మొదట్లో పిక్క వణికిపోయేది.

ఎప్పుడు తగ్గిందో చెప్పమంటే చెప్పలేను. ఒకరోజు ఫోన్ మోగితే కూర్చున్న చోటు నుంచి లేచి గబగబా వెళ్లి ఎత్తాను, గోడ పట్టుకోలేదన్న సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఇప్పటికీ గంటల తరబడి నిలబడితే సాయంత్రానికి మడమ కొంచెం బరువెక్కుతుంది. ఇందులో మెషీన్ వాటా ఎంత, టవల్ వాటా ఎంత, కాలం వాటా ఎంత అంటే విడదీయలేను. నొప్పి కొత్తగా మొదలైనవాళ్లు అడిగితే మాత్రం షాక్‌వేవ్ జోలికి వెళ్లమనను. సాగదీసే వ్యాయామాలు, మంచి చెప్పులతోనే ఏడాదిలోపు ఎక్కువమందికి తగ్గిపోతుంది. అలా తగ్గక నాలా మిగిలిపోయినవాళ్లకే ఇది. అవసరమైతే మళ్లీ ఒక విడత చేద్దామని డాక్టర్ గారు అన్నారు. ప్రస్తుతానికి వద్దన్నాను, టవల్ మాత్రం మెట్ల దగ్గరే ఉంది.