ఒకే డిగ్రీ, నాలుగు గదులు

బి.ఫార్మసీ ఆఖరి రోజున మనమంతా ఒకరినొకరం అడిగింది జీతం గురించే. రోజంతా ఎక్కడ నిలబడాలి, ఎవరితో మాట్లాడాలి అని ఎవరం అడగలేదు. నేను నాలుగు చోట్ల పనిచేశాక రాస్తున్నాను, జూనియర్లకు పనికొస్తుందని.

మొదటిది మందుల షాపు. కాళ్లు లాగేస్తాయి, కానీ మనిషి ఎదురుగా ఉంటాడు. ఒక పెద్దాయన జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి "ఇదే ఇవ్వమ్మా" అన్నారు. పేరు సగం తెగిపోయింది, గడువు తేదీ ఉన్న వైపు లేనే లేదు. ఇంకేం వాడుతున్నారని అడిగితే రెండో జేబులోంచి ఇంకో స్ట్రిప్ తీశారు. కంపెనీలు వేరు, లోపల ఉన్నది ఒకే బీపీ మందు, రోజూ రెండూ వేసుకుంటున్నారు!

తర్వాత ఆసుపత్రి. అక్కడ రోగి కంటే కేస్ షీట్ ఎక్కువ కనిపిస్తుంది, ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒక రాత్రి కీళ్లవాతం రోగికి మెథోట్రెక్సేట్ రోజుకొకటి అని రాసి వచ్చింది. అది వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు, రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి మార్పించేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇంజెక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అసలు రోగే కనిపించడు. వాచీ, గాజులు తీసేసి, తలనుంచి కాళ్లదాకా క్రిములు లేని స్టెరైల్ గౌను వేసుకుని, నెమ్మదిగా కదలాలి, ఎందుకంటే గబగబా నడిస్తే ఒంటిమీద నుంచి రేణువులు ఎక్కువ రాలతాయి. ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసే బ్యాచ్ రికార్డులో తప్పు రాస్తే చెరిపేయకూడదు, ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ వేయాలి. మాటకారులకు ఆ నిశ్శబ్దం కష్టం. నాకూ కష్టమే అయింది.

ఇప్పుడు ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే పనిలో ఉన్నాను. కుర్చీ, స్క్రీన్, ఏసీ. సుఖమైన పని అనుకుంటారు గానీ, మార్కెట్లో ఉన్న మందుతో ఊహించని తీవ్రమైన దుష్ప్రభావం వచ్చిందంటే చాలా దేశాల్లో 15 రోజుల్లోపు రిపోర్టు వెళ్లాలి, సెలవులు కూడా లెక్కలోకే వస్తాయి. టెన్షన్ ఉంటుంది.

జూనియర్లూ, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు వీలైతే ఆ గదిలో ఒక్క షిఫ్టు ఉండి చూడండి.

నా స్క్రీన్ మీద రోగి అంటే రెండు ఇనిషియల్స్, వయసు, అంతే. "పురుషుడు, 71" అని కనిపించినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన రెండు జేబులే గుర్తొస్తాయి, వాడుతున్న ఇతర మందుల వివరాలు మళ్లీ మొదటినుంచి చదువుతాను.