మా క్లబ్బు లెక్కల పుస్తకం

మా బాబాయి పోయాక ఆయన ట్రంకుపెట్టెలో, బట్టల అడుగున, అట్ట ఊడిన లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. సికింద్రాబాద్‌లో బొల్లారం వైపు మా బస్తీలో ఒకప్పుడు నడిచిన ఫుట్‌బాల్ క్లబ్బుకి చరిత్ర అంటూ రాసిపెట్టింది ఏదైనా ఉంటే అదొక్కటే. ఎవరి మీద గెలిచామో, ఎవరి చేతిలో ఓడామో అందులో పెద్దగా లేదు. చందా ఎవరిచ్చారు, వచ్చే నెల ఇస్తామన్నది ఎవరు, బంతి లోపలి బ్లాడర్ పంక్చర్‌కి ఎంత, గ్రౌండ్ మీద గీతలకి సున్నం ఎంత, ఇవే పేజీలకు పేజీలు. ఒకచోట "కీపర్ చెయ్యి విరిగింది, ఆస్పత్రి" అని రాసి పక్కన అంకె వేశారు. దాని కింద పదకొండు పేర్లు ఉన్నాయి, ఆ కీపర్ పేరు కూడా. అంటే అందరూ పంచుకుని కట్టారన్నమాట. ఆ పేజీ చాలాసేపు తిప్పలేకపోయాను.

నేను ఆడేనాటికి బాబాయే మాకు కోచ్. ఆదివారం పొద్దున మొదటి అరగంట ఎడమకాలితోనే ఆడాలి, కుడికాలు తగిలితే బంతి అవతలి జట్టుకి పోతుంది. ఎడమకాలి వాటం పిల్లలకైతే దీనికి తిరగేసి. నాకు పదేళ్లప్పుడు అది శిక్షలా ఉండేది, ఏడ్చిన రోజులున్నాయి. "ఇది రహీం సాబ్ పద్ధతి రా, ఊరికే పెట్టింది కాదు" అనేవాడు బాబాయి. ఆయనకి రహీం సాబ్‌ని చూసే వయసు లేదు, ఆయనకి ఆట నేర్పిన పెద్దలు చూశారు.

రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు, హైదరాబాద్ వాడే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా ఉండి 1950 నుంచి 1954 దాకా అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంటుని వరుసగా ఐదుసార్లు గెలిపించారు. ఆయన కోచింగ్‌లోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. జకార్తాలో రెండో స్వర్ణం గెలిచి ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయారు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఆయన ఏకంగా టోర్నమెంట్లే పెట్టేవారని నేను పెద్దయ్యాక చదివాను. అప్పుడు మా ఆదివారాలు ఎక్కడినుంచి వచ్చాయో అర్థమైంది.

బాబాయి ఎక్కువగా చెప్పింది మాత్రం తులసీదాస్ బలరాం గురించి. మాకు దగ్గర్లోని అమ్ముగూడలో పుట్టి రెండు ఒలింపిక్స్ ఆడిన మనిషి, జకార్తా స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీస్‌కి రావడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేకపోతే సైకిల్ కిరాయి రహీం సాబే ఇచ్చేవారట. ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ బాబాయి గొంతు మారేది.

అందుకే ఆ పుస్తకంలో "సైకిల్ కిరాయి" అన్న మాట కనబడగానే గుండె ఝల్లుమంది. ఒకే అబ్బాయి పేరు మీద, దాదాపు ప్రతి వారం, రెండు సీజన్లు. ఆ వారాల్లో చందా సగమే వసూలైనా, కొత్త బంతి కొనడం వాయిదా పడినా, ఆ లెక్క మాత్రం ఆగలేదు.

ఆ అబ్బాయికి ఇప్పుడు అరవై దాటాయి, మెకానిక్ షెడ్డు ఉంది. పుస్తకం తీసుకెళ్లి చూపించాను. చేతులు తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో లైనూ వేలుపెట్టి చదివాడు. "మీ బాబాయి జేబులోంచి ఇస్తున్నాడనుకున్నానే ఇన్నాళ్లూ" అన్నాడు. చందా ఇచ్చినవాళ్ల పేర్లు మళ్లీ మొదటినుంచి చూశాడు, ఒక్కొక్కరూ ఇప్పుడెక్కడున్నారో నాకు చెబుతూ. అందులో ముగ్గురు లేరు.

క్లబ్బు ఎప్పుడు ఆగిపోయిందో పుస్తకంలో తేదీ లేదు, లెక్కలు పలచబడి చివరికి ఆగిపోయాయంతే. సగం గ్రౌండ్ ఒక గోడ లోపలికి పోయింది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచిన రాత్రి బాబాయి టీవీ ముందు లేచి నిలబడ్డాడు, అప్పటికే మోకాళ్లు సహకరించడం లేదు.

పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించాను. మెకానిక్ షెడ్డులో ఒక కాపీ ఉంది. మిగతావాళ్లలో ఇద్దరు ఫోన్ చేసి తమకీ కావాలన్నారు, కీపర్ అయితే ఆస్పత్రి పేజీ ముందు పంపమన్నాడు.