సబ్బు కలిపితే తెల్లబడని పాలిమర్

చెన్నై ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పాలీఎన్‌ఐసోప్రొపైల్‌ఎక్రిలమైడ్ ద్రావణాన్ని బల్లమీద ఉంచితే, పొయ్యి అవసరం లేకుండానే అది నీళ్ళపాలలా తెల్లబడుతుంది. మేము పీనిపామ్ అని పిలుచుకునే ఈ పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) సుమారు 32 డిగ్రీల సెల్సియస్ లోపు నీటిలో తేటగా కరిగి ఉంటుంది. ఆ హద్దు దాటగానే గొలుసులను అంటిపెట్టుకొని ఉన్న నీటి అణువులు చాలావరకు విడిపోయి, గొలుసులు ముడుచుకొని గుమిగూడతాయి. చల్లారిస్తే మళ్ళీ కరుగుతాయి.

ఇందులో ఎస్‌డీఎస్, అంటే సబ్బులా పనిచేసే సోడియం డోడెసిల్ సల్ఫేట్, కొద్దిగా కలిపితే తెల్లబడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. మోతాదు తగినంత పెంచితే అసలు తెల్లబడటమే ఆగిపోతుంది. "సబ్బు జిడ్డును కరిగిస్తుంది కదా అన్నా, ఇదీ అంతేగా" అన్నాడు మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు అబ్బాయి. ఆ జవాబు సగమే సరైనదని నా అభిప్రాయం. ఎస్‌డీఎస్ తనంతట తాను మైసెల్‌లు (సబ్బు అణువులు నీటిలో ఒకచోట చేరి కట్టే గుంపులు) కట్టడానికి 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8 మిల్లీమోల్‌లు కావాలి. పీనిపామ్ ఉన్నచోట మాత్రం 1 మిల్లీమోల్ కంటే తక్కువలోనే దాని అణువులు చిన్న గుంపులుగా గొలుసును పట్టుకుంటాయి. ప్రతి గుంపూ ఋణావేశాన్ని వెంట తెస్తుంది కనుక గొలుసులు పరస్పరం వికర్షించుకొని దగ్గరికి చేరలేవు. మామూలు ఉప్పు కలిపితే ఆ వికర్షణ తగ్గి, తెల్లబడే ఉష్ణోగ్రత తిరిగి కిందికి దిగుతుంది. (ఉప్పు ఒక్కటే ఉన్నా కొంత దించుతుంది కాబట్టి ఆ భాగాన్ని విడిగా కొలవక తప్పదు.) ఆవేశం లేని సర్ఫాక్టెంట్ల (సబ్బులాంటి పదార్థాల) ప్రభావం స్వల్పం, ధనావేశం గలవి, అణువులో నీటికి దూరంగా ఉండే తోక పొడవు అంతే ఉన్నా, ఎస్‌డీఎస్ అంత గట్టిగా అంటుకోవు.

తెల్లదనం కనిపించిన ప్రతిసారీ అది పాలిమర్ పనే అనుకోకూడదు. పొటాషియం ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత పెద్దగా మారకుండా ఉంచే ద్రావణం) వాడితే, నీటిలో సరిగా కరగని పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ ఏర్పడి ద్రావణాన్ని తెల్లగా చేస్తుంది. అయితే అది వేడిచేస్తే కరుగుతుంది, పాలిమర్ తెల్లదనం చల్లారిస్తే పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఎస్‌డీఎస్ ద్రావణంలోనూ అడుగున తెల్లని స్ఫటికాలు చేరతాయి; గోరువెచ్చగా చేసి పూర్తిగా కరిగించకుండా పైతేటను పిపెట్‌తో తీస్తే, నోట్‌బుక్‌లో రాసుకున్న గాఢత కంటే తక్కువే పరీక్షనాళికలోకి చేరుతుంది.